డీవీడీ కవర్లు దారిలో ఎవరో విప్పుతున్నారు. ఎలా పట్టుకోవాలి?

రిటైర్డ్ సార్టర్ (9 మే 2011)

అందరికీ నమస్కారం. తెలుగు టైపింగు మనవరాలు నేర్పింది, తప్పులుంటే సర్దుకోండి.

నేను ఆర్‌ఎమ్‌ఎస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, నలభై ఏళ్ళు సార్టర్‌గా చేసి 2008లో రిటైరయ్యాను. విజయవాడ వై డివిజన్. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు పిన్‌కోడ్ వచ్చింది. అంతకుముందు ఏ ఊరు ఏ స్టేషన్ కింద పడుతుందో మొత్తం బుర్రలోనే పెట్టుకుని, ఊగే రైల్లో నిలబడి గూళ్ళలోకి ఉత్తరాలు విసిరేవాళ్ళం. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఒక కవరు విప్పి మళ్ళీ అతికించారా లేదా అన్నది నాకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. బొటనవేలితో అంచు తడిమితే తెలిసిపోతుంది.

సంక్రాంతి వెళ్ళాక నేనూ మా ఆవిడా ఒహాయోలో మా అమ్మాయి దగ్గరికి వచ్చాం. బయట మోకాలి లోతు మంచు. కారు నడపడం రాదు. మా అవస్థ చూడలేక అల్లుడు పోస్టులో సినిమాలు అద్దెకిచ్చే కంపెనీలో ప్లాను తీసుకున్నాడు. ఒకేసారి మూడు డిస్కులు మన దగ్గర ఉంచుకోవచ్చు. ఒకటి చూసి వెనక్కి పంపితే ఇంకొకటి వస్తుంది. వచ్చిన కవరే మళ్ళీ వెళ్ళే కవరు. పైపొర చింపితే లోపల వాళ్ళ అడ్రసు అచ్చువేసి ఉంటుంది, స్టాంపు కూడా వాళ్ళదే. ఆ కవరు ఆలోచన ఎవరిదోగానీ చేతులెత్తి మొక్కాలి.

అలవాటు పోదు కదా, మొదటి రోజు నుంచీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. మా సర్వీసులో తప్పులు రాసే పుస్తకాన్ని ఎర్రర్ బుక్ అనేవాళ్ళం, దీనికీ అదే పేరు పెట్టాను. ఇప్పటికి 34 డిస్కులు. అందులో అయిదింటికి తేడా వచ్చింది.

నం. 4, జనవరి 24. డిస్కు పగిలింది. మధ్య చిల్లు దగ్గర మొదలై అంచు దాకా వెంట్రుకవాసి గీత. కవరు బాగానే ఉంది.

నం. 13, మార్చి 1. కవరు మూత చింపి, దాని మీద పారదర్శకమైన టేపు అడ్డంగా, కొంచెం వంకరగా వేశారు. లోపలి కాగితపు సంచీ మీద పేరు గుర్రాలూ తుపాకులూ ఉన్న పాత సినిమాది, డిస్కు మాత్రం ఏదో పెళ్ళి గోల కామెడీది. మా ఆవిడకి కామెడీయే నచ్చింది, అది వేరే విషయం.

నం. 19, మార్చి 25. కవరు చెక్కుచెదరలేదు. డిస్కు పైన బొమ్మ లేదు, మార్కర్‌తో చేత్తో రాసిన పేరు. అడుగు చూస్తే ఊదారంగు. సగం సినిమా అయ్యాక బొమ్మ ఆగిపోయింది.

నం. 24, ఏప్రిల్ 2. వరల్డ్‌కప్ ఫైనల్ రోజు, ధోనీ సిక్సు కొట్టి గంట కూడా కాలేదు, పోస్టు బండి వచ్చింది. మళ్ళీ అదే వంకర టేపు. ఈసారి డిస్కు సరైనదే.

నం. 31. ఏప్రిల్ 25న పంపామని కంపెనీ మెయిలిచ్చింది. ఈరోజుకీ రాలేదు.

నా అనుమానం ఇది. దారిలో ఎవరో కవర్లు విప్పి, సినిమా కాపీ చేసుకుని, ఒక్కోసారి అసలు ఉంచుకుని నకలు పెట్టి పంపుతున్నారు. ఒక చేతి పనే. రెండుసార్లూ టేపు ఎడమ నుంచి కుడికి కిందికి జారింది, అంటే వేసినవాడు ఎడమచేతివాటం కావచ్చు.

మా వీధికి వచ్చే పోస్టావిడ మంచి మనిషి. మంచులో జారి పడబోయి కూడా ఉత్తరాల ట్రే వదల్లేదు. ఆవిడ మీద ఫిర్యాదు అంటే నాకు చెయ్యి రావడం లేదు. మా సర్వీసులో ఒక మనిషి మీద మరక పడితే ఎంత కాలం ఉండేదో చూసినవాణ్ణి. అమ్మాయీ అల్లుడూ "వదిలెయ్యండి నాన్నా, కంపెనీ ఇంకోటి పంపుతుంది" అంటున్నారు. ఇక్కడి పద్ధతులు తెలిసినవాళ్ళు చెప్పండి, దీన్ని ఎక్కడ మొదలుపెట్టాలి?

---

కొలంబస్ కుర్రాడు (9 మే)

అంకుల్, టెన్షన్ పడకండి. వెబ్‌సైటులో "రాలేదు", "పగిలింది" అని బటన్లు ఉంటాయి. నొక్కితే మర్నాడే వేరే డిస్కు పంపుతారు, డబ్బులు అడగరు. నాకూ ఏడాదిలో రెండు పగిలినవి వచ్చాయి. నేనైతే కవరు వంక కూడా చూడను, చించి పారేసి సినిమా వేసుకుంటా. ఎడమచేతివాటం దాకా వెళ్ళారంటే మాత్రం మీకు దండం.

---

తెనాలి వీడియో లైబ్రరీ (10 మే)

సార్టర్ గారూ, మీ 19వ నంబరు గురించి నేను చెబుతాను. 1986 నుంచి పదేళ్ళు తెనాలిలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చాను. మీరు దొంగని దారిలో వెతుకుతున్నారు. మా వ్యాపారంలో దొంగ ఎప్పుడూ దారిలో ఉండడు, కౌంటరు ముందు నిలబడి "అన్నా, కొత్తది ఏమొచ్చింది" అని అడుగుతూ ఉంటాడు.

క్యాసెట్ అడుగున అయిదు స్క్రూలుంటాయి. అవి విప్పి, నా ఒరిజినల్ రీలు తీసి తన దగ్గరున్న అరిగిపోయిన రీలు అందులో పెట్టి, మళ్ళీ బిగించి తెచ్చేవాళ్ళు. పైన నా లేబులే, నా నంబరే. ఎలా తెలుస్తుంది? మూడో కస్టమరు వచ్చి బొమ్మ గీతలు పడుతోందని నా మీద అరిచినప్పుడు తెలిసేది. తర్వాత ప్రతి స్క్రూ మీదా మా ఆవిడ గోళ్ళరంగు చుక్క పెట్టడం మొదలుపెట్టాను. చుక్క చెదిరితే స్క్రూ విప్పినట్టే. ఆ నెల్లో ఇద్దరు దొరికారు. ఒకాయన మా పక్కవీధి లెక్కల మాస్టారు!

మీకొచ్చిన ఊదారంగు డిస్కు ఇంట్లో రాసినది. ఫ్యాక్టరీలో అచ్చువేసిన డిస్కు అడుగు వెండిలా ఉంటుంది, కొన్నిటికి లేత బంగారు ఛాయ ఉంటుంది. కంప్యూటర్లో రాసుకునే డిస్కులో రంగు పొర ఉంటుంది, దానివల్లే ఆ ఊదా. మీకంటే ముందు తెప్పించుకున్నవాడెవడో అసలు దాచుకుని, నకలు ఆ సంచీలో పెట్టి పంపేశాడు. కంపెనీ దగ్గర రోజూ వేల డిస్కులు చేతుల మీదుగా పోతుంటాయి, ఒకటి తప్పించుకోవడం వింతేమీ కాదు. మీరే రాశారుగా, కవరు చెక్కుచెదరలేదని. మరి దారిలో ఎలా మారుస్తారండీ?

---

రాత్రి డ్యూటీ (10 మే)

నమస్తే సర్. మీ సర్వీసువాణ్ణే అనుకోండి. ఇక్కడ ఒక మెయిల్ ప్లాంటులో ఆరేళ్ళుగా రాత్రి షిఫ్టు చేస్తున్నాను. ఊరు చెప్పను. మీ పోస్టు రెండుసార్లు చదివాను, అయిదింటినీ ఒకే మనిషికి కట్టడం నాకు నచ్చలేదు.

నం. 4 మెషిన్ పని. మా సార్టింగ్ మెషిన్ గంటకు ముప్పై వేల పైచిలుకు ఉత్తరాలు లాగుతుంది. కవరు రెండు బెల్టుల మధ్య ఇరుక్కుని, చక్రాల చుట్టూ వంపులు తిరుగుతూ పోతుంది. కాగితం వంగుతుంది. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బిళ్ళలు రెండు అతికించినది, అది ఎంతని వంగుతుంది? చిల్లు దగ్గర నుంచి గీత వచ్చిందంటే నేను ఇంకేమీ అడగను.

ఇది పెద్ద గొడవే. గేమ్ డిస్కులు అద్దెకిచ్చే గేమ్‌ఫ్లై అనే కంపెనీ 2009లో పోస్టల్ రెగ్యులేటరీ కమిషన్‌కి వెళ్ళింది. సినిమా డీవీడీలు అద్దెకిచ్చే నెట్‌ఫ్లిక్స్ కవర్లని పోస్టువాళ్ళు చేత్తో ఏరి పక్కన పెడుతున్నారు, మా డిస్కులు మెషిన్లలో పగలకుండా ఉండాలంటే మేము పెద్ద కవరు వాడి ఎక్కువ స్టాంపు కట్టాల్సి వస్తోంది అని. మొన్న ఏప్రిల్‌లోనే కమిషన్ గేమ్‌ఫ్లై వైపు తీర్పిచ్చింది. 2007లో మా పోస్టు శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక కూడా ఒకటి వచ్చింది. ఒక డీవీడీ కంపెనీకి తిరిగి వెళ్ళే కవర్లలో దాదాపు 70 శాతం మెషిన్‌కి కుదరక చేత్తో సార్ట్ చేయాల్సి వస్తోందని, రెండేళ్ళలో దానికి నాలుగు కోట్ల డాలర్ల పైనే ఖర్చయిందని లెక్క తేల్చారు. ఆ కవరు ముందంచు మెత్తగా వేలాడి మెషిన్‌లో ఇరుక్కుంటుంది. మీరు చేతులెత్తి మొక్కిన కవరే అలాంటిది సర్. మేము మాత్రం మొక్కం.

దొంగలు లేరని నేననను. మసాచుసెట్స్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో సార్టింగ్ సెంటరు ఉద్యోగి ఒకడు మూడు వేలకు పైగా డీవీడీలు పట్టుకుపోయి కేసులో ఇరుక్కున్నాడు. అయితే అలాంటివాడు డిస్కు మొత్తంగా మాయం చేస్తాడు. ఇంటికి పట్టుకెళ్ళి, చూసి, టేపు వేసి, మళ్ళీ మీ అడ్రసుకే పంపే ఓపిక ఏ దొంగకుంటుంది?

మీ ఎర్రర్ బుక్‌లో కంపెనీ పంపిన తేదీ కూడా ఉందా? ఉంటే 13కీ 24కీ ఎన్ని రోజులు పట్టిందో చూసి చెప్పండి.

ఫిర్యాదు చేయాలనే ఉంటే, బయటివాళ్ళ మీద అనుమానమైతే పోస్టల్ ఇన్‌స్పెక్షన్ సర్వీసుకి, ఉద్యోగి మీదైతే ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసుకి. రెండూ ఆన్‌లైన్‌లో ఇవ్వచ్చు. ఇప్పుడే ఇవ్వకండి.

---

జెర్సీ పిన్ని (10 మే)

బాబాయ్ గారూ, ఇంట్లో పిల్లలు విప్పి ఉంటారేమో కనుక్కున్నారా? మా ఇంట్లో ఒకసారి ఇలాగే రచ్చయింది. మా చిన్నాడు కవరు లోపల స్టిక్కర్లు ఉంటాయనుకుని విప్పి, నేను తిడతానని గమ్‌తో అతికించాడు. మీరు పోస్టు డబ్బా దగ్గరికి వెళ్ళి మీ చేత్తోనే తీసుకున్నారా? టేపు మీద ఏమైనా అంటుకుని ఉందా, వెంట్రుక గానీ పిండి గానీ? నవ్వకండి, మావాడు అలాగే దొరికాడు, గమ్ నిండా బిస్కెట్ పొడి.

---

రిటైర్డ్ సార్టర్ (11 మే)

పిన్ని గారూ, ఒక సంగతి దాచాను. రాస్తే మన ఇంటిదే అంటారని రాయలేదు. 24వ నంబరు టేపు కింద పసుపు మరక ఉంది. సగం వేలిముద్ర, గీతలు కూడా కనిపిస్తాయి. టేపు పైన కాదు, కింద. అంటే అతికించినవాళ్ళ వేలికే పసుపుంది. కవరు నేనే డబ్బాలోంచి తీశాను, తాళం నా మొలతాడుకే ఉంటుంది. మా ఆవిడ వేలితో పోల్చి చూశాను కూడా. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు.

రాత్రి డ్యూటీ గారూ, మీ మాటకి పుస్తకం తీశాను. మామూలుగా ఈరోజు పంపితే రేపు వస్తుంది. 13వది ఫిబ్రవరి 24న పంపితే మార్చి 1న వచ్చింది. 24వది మార్చి 29న పంపితే ఏప్రిల్ 2న. మిగతావి ఏవీ ఇంత ఆలస్యం కాలేదు. రెండు గళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి. నేనే రాసి, నేనే చూడలేదు.

మా భాషలో దీన్ని మిస్‌సెంట్ అంటాం. వేరే చోటికి వెళ్ళి తిరిగొచ్చింది.

---

రాత్రి డ్యూటీ (11 మే)

అదే సర్. ఎక్కడికో డెలివరీ అయింది, వాళ్ళు విప్పారు, మనది కాదని చూసి అతికించి మళ్ళీ పోస్టులో వేశారు. పసుపు అంటున్నారు కాబట్టి ఇంగువ వాసన వచ్చే గుమ్మాలు లెక్కపెట్టండి. మీ ఇంటి నంబరుకి ఒకటి రెండు అంకెలు తేడా ఉన్న ఇల్లు మీ కాంప్లెక్సులో ఉందా?

---

రిటైర్డ్ సార్టర్ (21 మే)

ఆలస్యమైంది, క్షమించాలి. దొరికారు.

మా ఇల్లు 7412. కుంట అవతల వరసలో 7421 ఉంది. నాలుగు నెలలుగా రోజూ ఆ గుమ్మం ముందు నుంచే వాకింగుకి వెళుతున్నాను. గుంటూరు జిల్లాకి వెళ్ళాల్సిన ఉత్తరం పిన్‌కోడ్‌లో రెండంకెలు తారుమారై ఎక్కడికో పోతే, చూడగానే పట్టేసేవాణ్ణి ఒకప్పుడు.

మనవరాలి చేత ఇంగ్లీషులో చీటీ రాయించి ఉత్తరాల డబ్బాల పక్కన బోర్డుకి గుచ్చాను. "కవరు పొరపాటున వస్తే దయచేసి 7412 గుమ్మం దగ్గర పెట్టండి, ఏమీ అనుకోము" అని. మూడు రోజులు ఎవరూ రాలేదు. నాలుగో రోజు సాయంత్రం ఒక కుర్రాడు, వెనకాల పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ, చేతిలో డబ్బా. మదురై వాళ్ళు. వాళ్ళదీ అదే కంపెనీ, అదే కవరు. కొడుకూ కోడలూ ఆఫీసుకి వెళితే పోస్టు డబ్బాలోవి తెచ్చి విప్పేది ఆవిడే, కూరగాయల కత్తితో. కవరు మీద ఇంగ్లీషు పేరు చదవరు. ఫిబ్రవరిలో ఒకేరోజు వాళ్ళదీ మాదీ రెండు కవర్లు వచ్చాయట. రెండూ విప్పి బల్ల మీద పెట్టారు. సాయంత్రం కొడుకు చూసి కంగారుపడి తిరిగి సర్దినప్పుడు డిస్కులు మారిపోయాయి. మా గుర్రాల సినిమా వాళ్ళ సంచీలో, వాళ్ళ పెళ్ళి కామెడీ మా సంచీలో!

మరి చెప్పొచ్చుగా బాబూ అన్నాను. ఆ అబ్బాయి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఇక్కడ వేరేవాళ్ళ ఉత్తరం విప్పితే ఫెడరల్ నేరం, అయిదేళ్ళ దాకా జైలు అని ఎక్కడో చదివాడట, వీసా మీద ఉన్నవాణ్ణి, పేరు ఎందుకు బయటపెట్టుకోవాలని గుట్టుగా టేపు వేసి పంపే పెట్టెలో వేశాడట. పొరపాటున విప్పడం నేరం కాదు నాయనా, కావాలని విప్పితేనే అని మా అల్లుడు చెప్పాడు. పెద్దావిడ ఇదంతా అర్థం కానట్టే కూర్చుని, ఉన్నట్టుండి తన చూపుడువేలు చూపించి నవ్వింది. గూడూరు నుంచి మద్రాసు సెక్షన్‌లో మూడేళ్ళు చేసినప్పటి తమిళం ఇంకా కొంచెం మిగిలింది, దాంతో మాట్లాడాను. డబ్బాలో మురుకులు.

ఆవిడ కుడిచేతివాటమే. టేపు వేసింది కొడుకు, అతనూ కుడే. ఎడమచేయి సంగతి ఇక ఎత్తకండి.

పోస్టావిడకి ఈ కథ ఏమీ చెప్పలేదు. 7412, 7421 రెండూ ఉన్నాయని మాత్రం మనవరాలి చేత ఒక ముక్క చెప్పించాను. ఆవిడ "ఓహ్, ఆ రెండూనా" అని నవ్వి, ట్రేలో ఏదో పసుపుపచ్చ చీటీ అతికించుకుంది.

తెనాలి ఆయన అన్నట్టు 19వది ఎవరో కస్టమరు చేసిన పనే, 4వది మెషిన్. మా ఆవిడకి ఆ పెళ్ళి కామెడీ చివర ఏమైందో చూడాలని ఉందట, అది కూడా లిస్టులో పెట్టించాను.

31వది మదురై వాళ్ళకీ వెళ్ళలేదు. ఇల్లంతా వెతికి చెప్పారు. కంపెనీ వేరేది పంపింది, చూసేశాం. పుస్తకంలో మాత్రం ఎదురుగా "రాలేదు" అనే ఉంది. మేము జూలైలో వెళ్ళిపోతాం. పెన్సిల్‌తోనే రాశాను.